ఎవరూ చూపించని సముద్రం

ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా నేను సముద్రం చూడలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్ళకు చెప్పాల్సిన అవసరం లేదు. ఆఫీసులో చెప్పే ధైర్యం లేదు. డైరీలో రాయబోయి రెండుసార్లు కొట్టేశాను.

మాది జనగామ. నాన్న బస్సు డ్రైవరు. పండుగలు, వేసవి సెలవులు వస్తే ఊళ్ళోవాళ్ళంతా ప్రయాణాలు కట్టేవాళ్ళు. వాళ్ళను తీసుకెళ్ళడానికి నాన్నకు డ్యూటీ రెట్టింపయ్యేది. అలా లోకమంతా సెలవుల్లో తిరిగేటప్పుడు మేం ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు అదేమీ లోటనిపించలేదు. స్కూలు లైబ్రరీ బీరువా తాళంచెవి మా టీచరు నాకే ఇచ్చేది. ఆ బీరువాలోని పుస్తకాల్లో సముద్రం ఎన్నోసార్లు వచ్చింది. దాని మీద ఓడలు మునగడం చూశాను, మనుషులు అలిగి దాని ఒడ్డుకు వెళ్ళడం చూశాను. అసలు సముద్రం మాత్రం చూడలేదు. ఒకసారి తిరుపతి వెళ్ళాం. రైలు తీరానికి దగ్గరగానే వెళ్ళిందట. మేం నిద్రపోయాం.

మాదాపూర్‌లో ఉద్యోగం, హాస్టల్లో గది దొరికాక తెలిసింది, మనుషులు ఏడాదంతా ప్రయాణాల గురించే మాట్లాడుకోగలరని. మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. సెలవు మీద ఏ ఊరు వెళ్ళినా ఆ ఊరి తీపి తెచ్చి డెస్కు మీద పెట్టాలి. "నా డెస్క్ దగ్గర స్వీట్లు" అని గ్రూపులో మెసేజ్ పెట్టాలి. అందరూ లేచి వెళ్ళి ఒక ముక్క తీసుకుని, నిలబడే సలహాలు అడుగుతారు. ఎక్కడ దిగారు, ఏం తిన్నారు, అక్కడికి వెళ్తే ఏం చేయాలి, ఏది వదిలేయొచ్చు. వెళ్ళొచ్చినవాళ్ళు చాలా ఉదారంగా చెబుతారు. "రెండు రోజుల్లో అన్నీ కవర్ చేశాం" అంటారు. ఊటీ నుంచి చాక్లెట్లు, కేరళ నుంచి అరటికాయ చిప్స్, వియత్నాం నుంచి కాఫీ బిళ్ళలు తిన్నాను. గోవాలో ఉత్తరం వైపు బీచ్‌లు మంచివా, దక్షిణం వైపువా అని అరగంట వాదించుకుంటుంటే నేనూ తలూపాను. తలూపితే ఎవరూ ఏమీ అడగరు.

మా టీములో ఒక కొత్తగూడ అబ్బాయి ఉన్నాడు. మా ఆఫీసు పక్కనే ఉన్న ఆ ఊరివాడే, ఫ్లైఓవర్ రాకముందు అక్కడ ఏముండేదో ఇప్పటికీ చెయ్యి చాపి చూపిస్తాడు. కిందటేడాది టీము వాళ్ళతో మనాలి వెళ్ళాడు. మంచు చూడటం అతనికి అదే మొదటిసారి. ఆ సంగతి బస్సులోనే చెప్పేశాడు. ఇక అందరూ ఫోన్లు పట్టుకుని అతని ముఖం ఎదురుగా నిలబడ్డారు. మంచు వైపు ఎవరూ చూడలేదు. అతను అరుస్తూ పరిగెత్తి, జారి వెనక్కి పడి, పడ్డచోటే నవ్వుతున్న వీడియోను క్యాంటీన్‌లో ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. అతనూ నవ్వేవాడు. ఒకరోజు కాఫీ మెషిన్ దగ్గర నాతో ఊరికే అన్నాడు.

"నాకు మంచు యాదిలేదబ్బా. వీడియోనే యాదుంది."

అన్నాక మళ్ళీ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆ రోజే అనుకున్నాను, సముద్రాన్ని మాత్రం వీళ్ళ చేతిలో పెట్టనని.

ఆ తర్వాత గోవా వచ్చింది. శుక్రవారం సెలవు కలిసివచ్చిన వారాంతం. మా టీమ్ లీడ్ ప్రయాణాన్ని కూడా ప్రాజెక్టులాగే నడుపుతుంది. కాకినాడ ఆవిడ. మంచి మనిషి, మాట పెద్దది. నాకు జ్వరం వచ్చినప్పుడు హాస్టల్‌కు రసం పంపించింది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏదైనా మార్పు చేయబోయే ముందు అందరికీ మెయిల్ పెడతాం. సాయంత్రంలోగా ఎవరూ వద్దనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. ఆ పద్ధతినే లీడ్ గోవాకు వాడింది. "సాయంత్రం ఆరింటిలోగా కాదన్నవాళ్ళు లేకపోతే అందరూ వస్తున్నట్టే" అని గ్రూపులో పెట్టింది. నేను చదివాను. ఏం రాయాలో తోచక ఫోన్ పక్కన పెట్టాను. నాకు మాట రావడానికి మామూలుగా ఒక పూట పడుతుంది.

పొద్దున వచ్చేసరికి నేను గోవాకు వెళ్తున్నాను. అందరికీ కనిపించే షీటులో నా పేరు, గదిలో నా మంచం, ఎవరి పక్కనో కూడా ఉంది. నా పేరు ఎదురుగా ఒక పని కూడా ఉంది: బీచ్ బ్యాగు, సన్‌స్క్రీన్, తువ్వాళ్ళు. నేను జాగ్రత్త గలదాన్నని ఆ పని నాకు ఇచ్చారట. బీచ్ బ్యాగులో ఏముంటాయో నాకు తెలియదు. మధ్యాహ్నం దాకా ఆ వరుసనే చూస్తూ కూర్చున్నాను. కోపం వచ్చింది. నా కోపం చాలావరకు నా మీదకే వస్తుంది. ఆ రోజు మాత్రం అది సరైనచోటికే వెళ్ళింది. నేను మాట్లాడకపోవడం నా స్వభావం. దాన్ని తీసుకెళ్ళి "అవును" కింద రాసుకునే హక్కు వీళ్ళకెవరిచ్చారు?

మర్నాడు పొద్దున అందరం నిలబడి ఆ రోజు పని చెప్పుకునే మీటింగ్ చివర్లో లీడ్ అడిగింది.

"ట్రిప్ గురించి ఎవరికైనా డౌట్లున్నాయా?"

"నేను రావట్లేదు" అన్నాను.

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. పక్క టీమువాళ్ళు కూడా తిరిగి చూశారు.

"అదేంటమ్మాయ్? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"ఇంట్లో ఫంక్షనేమైనా ఉందా?"

"లేదు."

"మరింకేంటి?"

"రావాలని లేదు."

లీడ్ నవ్వాలా వద్దా అన్నట్టు చూసింది. "గ్రూపులో ఏమీ అనలేదుగా నువ్వు. సాయంత్రం దాకా టైమిచ్చాంగా."

"వస్తానని కూడా అనలేదు."

కొత్తగూడ అబ్బాయి వాతావరణం తేలిక చేద్దామని, "మౌనం అర్ధాంగీకారమన్నరు గదా పెద్దలు" అన్నాడు. సగం ఒప్పుకుంటే సగం టికెట్టే తీయాల్సింది కదా అనే జవాబు నాకు తట్టింది గానీ, అప్పటికి సాయంత్రమై హాస్టల్ మెట్లెక్కుతున్నాను. మీటింగ్‌లో మాత్రం నిలబడ్డాను. కదలకుండా నిలబడ్డాను. అది నాకు చేతనవుతుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర లీడ్ తన డబ్బా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. చుట్టూ ఇంకొందరు చేరారు.

"బీచ్‌లు పడవా నీకు? నిజం చెప్పు. కొండలంటే ఇష్టమా? కూర్గ్ పెట్టుకుందామా ఈసారికి?"

"వద్దు మేడమ్. నేను వేరేచోటికి వెళ్తున్నాను."

అప్పటిదాకా నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు. నోట్లోంచి ఆ మాట వచ్చిన క్షణంలోనే నిర్ణయమైపోయింది.

"ఎక్కడికి?"

"సూర్యలంక."

కొంతమంది ఆ పేరు వినలేదు. విన్నవాళ్ళు నవ్వారు. లీడ్ చెంచా కింద పెట్టేసింది.

"బాపట్ల దగ్గరదా? ఏముందమ్మా అక్కడ?"

"సముద్రం ఉంది కదండీ."

"సముద్రం ఉంటుందిలే, ఎక్కడికి పోతుంది. చెయ్యడానికేముందని."

"ఏమీ లేదని విన్నాను. అందుకే."

ఇక మొదలయ్యాయి సలహాలు. అంత దూరం వెళ్ళేదానివి విశాఖ వెళ్ళు, రోడ్డు పక్కనే సముద్రం, రాత్రయినా భయం లేదు. మా ఉప్పాడ వెళ్ళు, చీరలు కూడా కొనుక్కోవచ్చు. సూర్యలంకకే వెళ్తానంటే పొద్దున ఐదింటికల్లా ఒడ్డున ఉండు, ఆ తర్వాత వెళ్ళినా దండగ. మధ్యాహ్నం అసలు వెళ్ళకు. రొయ్యల వేపుడు తిను. చీరాల పక్కనే, అదీ కవర్ చెయ్. ఎవరో అప్పుడే ఫోన్లో ఫోటోలు తీసి "ఇదిగో, ఇలా ఉంటుంది" అని నా ముఖం ముందు పెట్టబోయారు. నేను కళ్ళు మూసుకున్నాను. చిన్నపిల్లలు మందు వద్దన్నట్టు, అంతమంది మధ్య, కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"ఏందీ, దయ్యాన్ని జూసినట్టు?" అన్నాడు కొత్తగూడ అబ్బాయి. నేను కళ్ళు తెరిచేసరికి ఆ ఫోన్‌ను అతనే పక్కకు జరిపి, "పోనీ తియ్యండ్రి, ఆమె పోయి చూస్కుంటది" అంటున్నాడు. అతనికి అర్థమైంది. నా వైపు చూడకుండా పెరుగన్నం తినసాగాడు.

"ఎవరితో వెళ్తున్నావు?" అని లీడ్ అడిగింది.

"ఒక్కదాన్నే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. లీడ్ గొంతు తగ్గించింది. "మీ హాస్టల్లో పంపిస్తారా?"

అది నిజమైన ప్రశ్న. మా హాస్టల్లో రాత్రి బయట ఉండాలంటే అమ్మ ఫోన్ చేసి చెప్పాలి. సొంతూరికైతే అక్కర్లేదు. మా హాస్టల్ నడిపే ఆంటీది ఖాజాగూడ. చెరువు పక్కన గుట్టల మీద మేకలు కాసిన రోజుల్ని ఆవిడే చెబుతుంది. ఇప్పుడు నాలుగు అంతస్తుల ఆడపిల్లల్ని కాస్తోంది. మేకలే నయమంటుంది.

"టీమ్‌తో వెళ్తున్నానని చెప్పెయ్, ఎవరికి తెలుస్తుంది" అన్నారు పక్కనున్నవాళ్ళు డబ్బాలు మూస్తూ. అదీ ఒక సలహానే. అబద్ధం చెప్పి వెళ్తే నేను చూసిన సముద్రం పక్కన జీవితాంతం ఆ అబద్ధం కూడా ఉంటుంది. అక్కర్లేదనుకున్నాను.

ఆ సాయంత్రం ఆంటీ టీ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఆంటీ, శుక్రవారం బాపట్లకు పోతున్న. ఒక రాత్రి ఉండి వస్త."

"ఎవలున్నరు ఆడ?"

"ఎవరూ లేరు. సముద్రం చూడటానికి."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

ఆంటీ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వేనా? సాంబారు అయిపోతే ఇంకింత అడగనీకి సిగ్గువడ్తవు, నువ్వు సముద్రానికి పోతవా? మీ అమ్మతోని ఫోన్ చేపియ్యి. గంతే. నాకు పరేషాన్ పెట్టకు."

అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ అంగన్‌వాడీ టీచరు. పిల్లలకు ఏ జంతువు ఎలా అరుస్తుందో రోజంతా అరిచి చూపించి, ఇంటికి వచ్చాక పెద్దగా మాట్లాడదు. నా మాట తక్కువతనం అక్కడిదే. అమ్మా సముద్రం చూడలేదు. నాన్న ఎవరెవరినో ఎక్కడెక్కడికో దింపి వచ్చేదాకా ఇంట్లో కూర్చున్నది అమ్మే కదా.

"అమ్మా, నేను సముద్రం చూసి వస్త."

"ఎవరితోని?"

"ఒక్కదాన్నే పోత. హాస్టల్ ఆంటీకి నువ్వు ఫోన్ చేసి చెప్పాలె."

వెనక ప్రెషర్ కుక్కర్ కూత వినపడింది.

"ఏం పనున్నది ఆడ?"

"పనేం లేదు. చూసి వస్త."

"గంతేనా?"

"గంతే."

ఫోన్ పెట్టేసింది. అయిపోయిందనుకున్నాను. అయినా అప్పటికే తీసుకున్న రైలు టికెట్టు మాత్రం రద్దు చేయలేదు. ఆంటీ తలుపు తీయకపోతే బ్యాగుతో గేటు దగ్గరే కూర్చుందామని కూడా ఆలోచించాను. ఆ దృశ్యాన్ని చాలా వివరంగా ఊహించుకున్నాను. పుస్తకాలు చదివేవాళ్ళకు ఉండే రోగం.

గేటు దగ్గర కూర్చోవాల్సిన పని రాలేదు. మర్నాడు ఇడ్లీలు పెడుతూ ఆంటీ గొణిగింది. "మీ అమ్మ ఫోన్ జేసింది. నన్నే కొట్టినట్టు మాట్లాడ్తది. నా బిడ్డ నౌకరి జేస్తుంది, సముద్రం జూడొద్దా, మీ హాస్టల్ల గదానికి గూడ రూలున్నదా అంటది. నేనేమన్ననమ్మా? పో. దిగంగనే ఒక ఫోన్ కొట్టు." ఆ రోజు ఇడ్లీ ఒకటి ఎక్కువేసింది. సాంబారు కూడా.

టీమంతా గోవా రైలెక్కిన రోజే నేను సికింద్రాబాద్‌లో పొద్దున బయలుదేరే రైలెక్కి మధ్యాహ్నం బాపట్లలో దిగాను. లాడ్జిలో బ్యాగు పడేసి ఆటో మాట్లాడుకున్నాను. ఆటోవాలా అన్నాడు, "ఇప్పుడెందుకండీ, ఎండ మండిపోతోంది. పొద్దున్నే రండి, సూర్యుడు లేస్తాడు, బాగుంటదండి."

"ఇప్పుడే చూస్తానండి."

"మీ ఇష్టం. అందరూ పొద్దున్నే వస్తారు మరి."

"పదండి" అన్నాను.

సరుగుడు తోట దాటాక ఆటో ఆగింది. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాను. తలవంచి, కాళ్ళు చూసుకుంటూ నడిచాను, ఎప్పుడు తలెత్తాలో నేనే నిర్ణయించుకోవాలని. ఇసుక కాలింది. తర్వాత కాలడం మానింది, తడిగా అయింది. అప్పుడు తలెత్తాను.

నేను చదివినవాటిలో ఏ ఒక్కటీ అప్పుడు గుర్తుకు రాలేదు. సముద్రం కింద ఉంటుందనుకున్నాను, ఒడ్డున నిలబడి కిందికి చూడాలనుకున్నాను. అది నా కళ్ళంత ఎత్తున, లేచి నిలబడినట్టుంది. అడ్డంగా ఎంత తల తిప్పినా అయిపోలేదు. ఒక అల వచ్చి విరిగాక ఇంక కాసేపు ఆగుతుందని, ఎందుకో, ఎదురు చూశాను. ఆగలేదు. నా పాదాల కింది ఇసుకను నీళ్ళు వెనక్కి లాగేస్తుంటే నేనే వెనక్కి జారుతున్నట్టు అనిపించి గాలిలో చేతులు చాపాను. పట్టుకోవడానికి ఎవరూ లేరు. చూడటానికీ ఎవరూ లేరు. నాకు ఏడుపు రాలేదు, అరవాలనీ అనిపించలేదు. నోరు మాత్రం తెరిచే ఉందని నాలుక మీద ఉప్పు తగిలాక తెలిసింది. ఆ ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. ఇంకెవరికీ తెలియదు.

ఎంతసేపు నిలబడ్డానో, ఎంతసేపు కూర్చున్నానో చూసుకోలేదు. ఒక కుటుంబం వచ్చి ఫోటో తీయమంది. తీశాను.

"మీదీ ఒకటి తీస్తామండి, ఇవ్వండి ఫోన్" అంది ఆ పిల్లల తల్లి.

"వద్దండీ."

"అదేంటమ్మా, ఒక్కటైనా ఉండాలి కదా వచ్చినట్టు."

"వచ్చాను కదండీ" అన్నాను. ఆవిడ నన్ను కొంచెం జాలిగా చూసి, పిల్లల మీద నీళ్ళు చల్లుతూ వెళ్ళిపోయింది.

రొయ్యలు తినలేదు. చీరాల వెళ్ళలేదు. మర్నాడు ఐదింటికి లేవలేదు కూడా. మళ్ళీ ఎండలోనే వెళ్ళి, కాసేపు కూర్చుని, రైలెక్కాను.

సోమవారం ఆఫీసులో ఒక డెస్కు మీద గోవా జీడిపప్పు, ఇంకో డెస్కు మీద నేను బాపట్ల నుంచి తెచ్చిన బెల్లం జీళ్ళు ఉన్నాయి. గ్రూపులో నేను మెసేజ్ పెట్టడం అదే మొదటిసారి. పళ్ళకు అంటుకునే జీళ్ళు నములుతూ అందరూ నా చుట్టూ నిలబడ్డారు.

"ఏం చేశావ్ అక్కడ?" లీడ్ అడిగింది.

"నిలబడ్డాను. తర్వాత కూర్చున్నాను."

"ఫోటోలేవి?"

"తీయలేదు."

"సరే, మేమెప్పుడైనా వెళ్తే ఏం చూడాలో చెప్పు."

"అది మాత్రం చెప్పను మేడమ్."

లీడ్‌కు కష్టమేసింది. నాకు తెలుస్తూనే ఉంది. అయినా క్షమాపణ చెప్పలేదు, సర్దిచెప్పలేదు. "నీతో కష్టమమ్మాయ్" అని జీళ్ళలో ఇంకో ముక్క తీసుకుని వెళ్ళింది. తర్వాతి ప్రయాణానికి ఆవిడ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఇలా ఉంది: రావాలనుకున్నవాళ్ళు మాత్రమే పేరు రాయండి. నేను రాయలేదు. నా పేరు ఎక్కడా రాలేదు.

చెప్పాలనిపించిన మనిషి ఒక్కతే ఉంది. నిజానికి సముద్రం ఎదురుగా కూర్చున్నప్పుడే అమ్మకు ఏం చెప్పాలో మాటలు పేర్చుకుంటూ వచ్చాను. ఊరి నుంచి వచ్చిన మర్నాడే, ఆదివారం అమ్మ తీరిగ్గా ఉండే వేళ చూసి ఫోన్ చేశాను.

"అమ్మా, సముద్రం అసలు మనం అనుకున్నట్టు ఉండదు, అది..."

"ఆగు. చెప్పకు."

"ఎందుకే?"

"నువ్వు చెప్తే నువ్వు చూసిందే నాకు కనవడ్తది. నేను పోయి చూసుకుంట."

"సరే, వచ్చే నెల నేనే తీసుకపోత. ఇద్దరం పోదాం."

"నువ్వొద్దు బిడ్డా. ఏ రైలెక్కాల్నో గదొక్కటి చెప్పు."